చిలగడదుంప ఆకు మీద కనిపించే బంగారు రంగు పురుగు చచ్చాక ఎందుకు వెలిసిపోతుంది?

ఆ మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు కాబట్టి. అది తాబేలు పురుగు, ఆకులు తినే పెంకు పురుగుల కుటుంబానికి చెందినది. దాని పారదర్శకమైన పెంకులో చాలా పలచని పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి మధ్య తేమ ఉన్నంతసేపే వెలుతురు పరావర్తనం చెంది బంగారంలా కనిపిస్తుంది. చచ్చాక పెంకు ఎండిపోతుంది, మెరుపు పోయి గోధుమ రంగు మిగులుతుంది. అందుకే అగ్గిపెట్టెలో దాచుకున్న పిల్లలకు చివరికి నిరాశే! పనామాలో ఉండే ఒక జాతి అయితే బతికుండగానే, ఎవరైనా కదిలిస్తే ఎర్రగా మారిపోతుంది. పొరల్లోని ద్రవం తగ్గగానే అద్దం లాంటి గుణం పోయి, అడుగున ఉన్న ఎరుపు బయటపడుతుందని 2007లో తేల్చారు.

తిండి విషయానికొస్తే, మన దగ్గర కనిపించేవి ఎక్కువగా చిలగడదుంప, తూటికూర, చెరువు గట్ల మీద పెరిగే పిచ్చి తూటి లాంటివాటి ఆకులే తింటాయి. అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. తల్లి పురుగు వాటి మీదే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మాత్రం చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి: విడిచిన చర్మాన్ని, కొన్ని జాతుల్లో రెట్టను కూడా, తోక కొనకు తగిలించుకుని గొడుగులా పైకెత్తి పట్టుకుంటాయి. చీమల్లాంటి శత్రువుల నుంచి అదే రక్షణ.

ఆకులకు చిల్లులు పడ్డాయని టెన్షన్ పడి వెంటనే మందు కొట్టకండి. నాలుగైదు చిల్లులతో దుంప దిగుబడి తగ్గదు. దుంపను తొలిచి నిజంగా నష్టం చేసేది వేరే, ముక్కు పురుగు.