పికప్ పెంచే చవక పరికరాలు కారుకి పెట్టించవచ్చా?

ప్రశ్న: నాది టర్బో డీజిల్ కారు. లోన్ ఇంకా రెండేళ్లు ఉంది, వారంటీ ఇంకో ఏడాది ఉంది. పికప్ పెరుగుతుందని ఆన్‌లైన్‌లో ఒక ట్యూనింగ్ బాక్స్, ఒక కోన్ ఎయిర్ ఫిల్టర్ చూశాను. రెండూ కలిపి నా ఈఎంఐలో సగం అవుతాయంతే. వీటివల్ల ఇంజిన్ పాడవుతుందా? కొనమంటారా?

జవాబు: ఇప్పుడు కొనవద్దు. డబ్బు పెద్దది కాదు కాబట్టి పోతే పోయిందిలే అనుకుంటున్నారేమో. కానీ మీరు పందెం కాస్తున్నది ఆ సగం ఈఎంఐ కాదు. లోన్ తీరని ఇంజిన్‌నీ, ఏడాది వారంటీనీ కలిపి కాస్తున్నారు.

ముందు ఆ బాక్స్ ఏం చేస్తుందో చూద్దాం. మీ ఇంజిన్‌లో ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఒక గొట్టం ఉంటుంది, దాన్ని కామన్ రైల్ అంటారు. అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉండటం మామూలే (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత). ఆ ప్రెషర్ ఎంతుందో ఒక సెన్సర్ కొలిచి ఇంజిన్ కంప్యూటర్‌కి చెబుతుంది. చవక బాక్స్‌ని సరిగ్గా ఆ సెన్సర్ వైరు మధ్యలో తగిలిస్తారు. రైల్‌లో 1,400 బార్ ఉందనుకోండి, బాక్స్ కంప్యూటర్‌కి 1,250 అని చెబుతుంది. తక్కువైందనుకుని కంప్యూటర్ పంపు ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకున్న ప్రతిసారీ డీజిల్ ఎక్కువ పడుతుంది. పికప్ పెరిగినట్టు మీకు తెలుస్తుంది కూడా. అది భ్రమ కాదు.

చిక్కల్లా ఆ ఎక్కువ పడిన డీజిల్ దగ్గరే. గాలి సరిపోకపోతే నల్ల పొగ వస్తుంది, మసి ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. సైలెన్సర్ వైపు వెళ్లే పొగ వేడి పెరుగుతుంది. ఆ వేడిలోనే తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో మీద, పిస్టన్ తల మీద భారం పడుతుంది. హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు తయారీదారు అనుకున్న దానికంటే ఎక్కువ ప్రెషర్‌లో రోజూ పనిచేస్తాయి. క్లచ్ కూడా పెరిగిన టార్క్‌ని, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని, మోయాలి, చాలా కార్లలో మొదట జారేది అదే. మామూలుగా ఏదైనా హద్దు దాటితే కంప్యూటర్ సర్దుకుంటుంది. ఇక్కడ దాని కళ్లకే గంతలు కట్టాం కదా, ఎలా సర్దుకుంటుంది? అందరి ఇంజిన్లూ పాడవుతాయని నేను అనను. ఏళ్ల తరబడి బాగానే నడిపేవాళ్లూ ఉన్నారు. కానీ మీ ఇంజిన్‌లో ఎంత మార్జిన్ మిగిలి ఉందో ఆ బాక్స్ అమ్మేవాడు కొలవలేదు, మీరూ కొలవలేదు.

పెట్రోల్ కారున్న పాఠకులకి ఒక్క మాట. టర్బో ప్రెషర్ సెన్సర్‌ని మోసం చేసే బాక్సులు మీకూ అమ్ముతారు. పెట్రోల్‌లో భయం నాకింగ్. ఇంధనం అదుపు తప్పి మండి పిస్టన్‌ని సమ్మెట దెబ్బ కొట్టినట్టు కొడుతుంది. పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి అంచు విరిగితే కంప్రెషన్ (సిలిండర్‌లో నిలవాల్సిన ఒత్తిడి) పోయి ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. ఇక డయాగ్నస్టిక్ సాకెట్‌లో గుచ్చే చిన్న ప్లగ్గుల్లో చాలావాటిని విప్పితే లైట్లు వెలిగించే సర్క్యూట్ తప్ప ఇంకేమీ ఉండదు. వాటివల్ల పోయేది ఎక్కువగా డబ్బే.

కోన్ ఫిల్టర్ గురించి నా అనుభవం చెబుతాను, ఎందుకంటే ఈ పొరపాటు నేనూ చేశాను. నా మొదటి కారుకి ఒకటి పెట్టించాను. గాలి పీల్చే చప్పుడు వినడానికి ఎంత బాగుండేదో! కొన్నాళ్లకి మైలేజ్ తగ్గింది, తర్వాత డాష్‌బోర్డులో ఇంజిన్ లైటు వెలిగింది. మెకానిక్ గాలిని కొలిచే సెన్సర్ ఊడదీసి, టార్చి వేసి నాకు చూపించాడు. వెంట్రుకంత సన్నటి తీగ, దాని మీద నూనె, దుమ్ము కలిసి గోధుమరంగు పొరలా అంటుకుని ఉంది. ఫిల్టర్‌కి పూసే నూనె గాలితో పాటు లోపలికి వెళ్లిందన్నమాట. సెన్సర్ శుభ్రం చేసి పాత ఫిల్టర్ బాక్స్ పెట్టాక కారు కుదుటపడింది. మీ డీజిల్‌కి ఇదే జరిగితే, గాలి తక్కువగా వస్తోందనుకుని కంప్యూటర్ పొగ రాకుండా డీజిల్ తగ్గించేస్తుంది. పికప్ కోసం కొన్నది పికప్‌నే తినేస్తుంది. పైగా చవక ఫిల్టర్ బానెట్ కింద వేడి గాలిని పీలుస్తుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 శాతం పలచబడుతుంది. ఫిల్టర్ సరిగ్గా బిగవకపోతే ఇసుక రేణువులు లోపలికి వెళ్లి సిలిండర్ గోడల్ని గీకుతాయి. ఇంజిన్ బోరుకి (సిలిండర్లు మళ్లీ కోయించే పనికి) రావడానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు డబ్బు లెక్క. ఇంజిన్‌కి పెద్ద పని పడిందనుకోండి, మార్పు వల్లే ఆ భాగం పాడైందని తేలితే వారంటీ చెల్లదు. సర్వీసింగ్‌కి వెళ్లే ముందు బాక్స్ తీసేస్తానంటారా? కొన్ని కార్ల కంప్యూటర్లు హద్దు దాటిన సందర్భాల్ని రికార్డు చేసి పెట్టుకుంటాయి, సర్వీస్ సెంటర్‌లో అవి కనబడతాయి. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకోకండి. మామూలు కారు పాలసీ యాక్సిడెంట్‌కి, దొంగతనానికి ఇస్తుంది గానీ అరిగిపోయిన టర్బోకి ఇవ్వదు. చెప్పకుండా మార్పులు చేస్తే రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌కే పేచీ పెట్టవచ్చు. రిపేరు బిల్లు మొత్తం మీ జేబులోంచే. కారు షెడ్డులో ఉన్నా ఈఎంఐ మాత్రం ఆగదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే ఇలాంటప్పుడే మనవాళ్లు క్రెడిట్ కార్డు మీద బిల్లు కట్టేసి, ఆ వడ్డీలో ఇరుక్కుంటారు. అమ్మేటప్పుడు కూడా మీరు పెట్టిన పరికరానికి కొనేవాడు విలువ కట్టడు. కారుని ఎలా తోలారోనని అనుమానపడి ధర తగ్గిస్తాడు.

మీ కోరికని నేను తీసిపారేయడం లేదు. కారంటే ఇష్టం ఉన్నవాళ్లకి ఆ పికప్‌లో ఉండే ఆనందం నాకు తెలుసు. అందుకే ఇలా చేయండి. కారు కొత్తలో ఉన్నట్టు లాగడం లేదనిపిస్తే ముందు అది చూపించండి. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, గాలి లీకవుతున్న ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) గొట్టం, టైర్లలో తక్కువ గాలి, ఇవి చాలు పికప్ పోవడానికి. వీటికయ్యే ఖర్చు ఎక్కడికీ పోదు, మీ కారుకే మిగులుతుంది. టైర్లు అరిగి ఉంటే డబ్బు అక్కడ పెట్టండి.

మిగిలిన కోరిక కోసం, ఆ సగం ఈఎంఐ మొత్తాన్ని ఈ నెల నుంచి విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. లోన్ తీరేసరికి 24 నెలల్లో 12 ఈఎంఐల సొమ్ము, పైన వడ్డీ చేతిలో ఉంటాయి. అప్పటికి వారంటీ కూడా అయిపోయి ఉంటుంది. ముందు కంప్రెషన్ టెస్టు చేయించండి. ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే, డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద కొలిచి, మీ కారుకే సరిపడా మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగులు) రాసి, లెక్కలు చేతికిచ్చే ట్యూనర్ దగ్గరికి వెళ్లండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. పోగైన దాంట్లో సగానికి మించి ట్యూనింగ్ మీద పెట్టకండి, మిగతాది క్లచ్‌కీ టర్బోకీ అట్టేపెట్టండి. ఇంటి ఎమర్జెన్సీ ఫండ్ జోలికి మాత్రం దీనికోసం వెళ్లవద్దు.

ఒకవేళ ఉత్తరం రాశాక ఆగలేక ఆర్డర్ పెట్టేసి ఉంటే, సీలు విప్పకుండా రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూసుకోండి.