ఆయిల్ తాగుతున్న పాత కారుకు 65 వేలు పెట్టాలా?

ప్రశ్న: గుంటూరులో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్చరర్‌గా పనిచేస్తున్నాను. జీతం 55 వేలు, కారు పెట్రోలుతో సహా ఇంటి ఖర్చు 38 వేలు. చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాను, ఇంకా 14 నెలలు కట్టాలి. బ్యాంకులో 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మా కారు 2012 ఫిబ్రవరిలో రిజిస్టర్ అయిన 1.2 లీటర్ల పెట్రోలు బండి, 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. విజయవాడలో ఉన్న అమ్మానాన్నలను చూడడానికి వారానికి రెండుసార్లు వెళ్తాను కాబట్టి నెలకు 900 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఇప్పుడది 1,200 కిలోమీటర్లకు లీటరు ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. ఒక మెకానిక్ ఇంజిన్ దించి అరిగిన సిలిండర్లను బోర్ చేయించాలి, 65 వేలవుతుందన్నాడు. ఇంకొకరు వాల్వ్ సీల్స్ (వాల్వ్‌ల పక్కనుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపేవి) మారిస్తే చాలు, 9 వేలన్నారు. మూడో ఆయన ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయిస్తానంటున్నాడు. ఉన్నదున్నట్టు అమ్మితే 90 వేలొస్తాయట. 6 లక్షల లోన్ తీసుకుని కొత్త కారు కొనమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అంకెలన్నీ ఇచ్చారు కాబట్టి వాటితోనే మొదలుపెడదాం. నెలకు 900 కిలోమీటర్లు తిరిగే బండి 1,200 కిలోమీటర్లకు లీటరు చొప్పున తాగితే ఏడాదికి 9 లీటర్లవుతుంది. లీటరు 450 రూపాయలనుకున్నా ఏడాదికి 4,050 రూపాయలు. కేవలం ఆ ఆయిల్ ఖర్చు తప్పించుకోవడానికే 65 వేలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి 16 ఏళ్లు పడుతుంది. పైగా బోర్ చేయించిన మాత్రాన 90 వేల బండి లక్షన్నర బండి కాదు, ఎందుకంటే కొనేవారు చూసేది ముందుగా బండి వయసునే. కాబట్టి ఈ రోజున ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి ఇంజిన్ దింపించవద్దని నా స్పష్టమైన సలహా.

అలాగని పట్టించుకోకుండా తిరగమని నేను చెప్పడం లేదు. మీ బండి తాగుతున్న ఆయిల్ ఖరీదు చిన్నదే, కానీ ఆయిల్ తగ్గిపోయిన సంగతి మీకు తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం చాలా పెద్దది. చాలా కార్లలో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ మీద కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరే ఉంటుంది, అంటే మీరు నెల రోజులు చూడకుండా వదిలేస్తే మట్టం దాదాపు కింది గీతకు చేరుతుంది. డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఎర్రటి ఆయిల్ దీపం మనల్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. ఆ దీపం సాధారణంగా ఆయిల్ మట్టాన్ని కాక ఒత్తిడిని చూసి వెలుగుతుంది, కనుక మంగళగిరి దాటాక హైవే మీద అది వెలిగే సమయానికి బేరింగులు అరిగిపోవడం మొదలై ఉండవచ్చు. అది వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలి తప్ప, కృష్ణ మీది వారధి దాటేస్తే ఇంటికి చేరిపోతాం కదా అనుకోకూడదు. ఇంజిన్ పట్టేస్తే అయ్యే ఖర్చు మీ బండి ధరనే మించవచ్చు, అరుగుదల వల్ల జరిగిన నష్టాన్ని వాహన బీమా భరించదు. అందువల్ల ప్రతి 300 కిలోమీటర్లకోసారి, సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. కిలోమీటర్లనూ, పోసిన ఆయిల్‌నూ ఒక పుస్తకంలో రాయండి. డిక్కీలో అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు ఉంచండి.

ఇక మెకానిక్‌లు చెప్పిన మూడు మార్గాల సంగతి. ముగ్గురూ మూడు జవాబులు చెప్పారంటే, ఎవరూ పరీక్ష చేసి చెప్పినట్టు లేదు. ఆయిల్ బయటికి కారుతోందా, లోపల కాలుతోందా అన్నది మొదట తేల్చుకోవాలి. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ దగ్గరా, డ్రెయిన్ ప్లగ్ దగ్గరా చెమ్మ ఉంటే చిన్న ఖర్చుతో పోతుంది. ఇంజిన్ కింది భాగంలో (క్రాంక్‌కేసులో) చేరే ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపే పీసీవీ వాల్వ్ మూసుకుపోయినా ఆయిల్ ఎక్కువగా ఖర్చవుతుంది, దాన్ని మార్చడం కూడా చవకైన పనే. ఇవేవీ కాకపోతే పొగను గమనించండి. రాత్రంతా నిలిపిన బండిని ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ గట్టిపడ్డాయని అనుమానించాలి, యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలం పొగ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులో, సిలిండర్ బోరో అరిగి ఉండవచ్చు. దీన్ని తేల్చేది కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో కొలవడం. మొదట మామూలుగా కొలిచి, ఆ తర్వాత సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ కొలిచినప్పుడు అంకె బాగా పెరిగితే లోపం రింగుల వైపు ఉన్నట్టు, పెరగకపోతే రింగులను అనుమానించే అవసరం తక్కువ. ఈ పరీక్షకు మీరు చెల్లించే డబ్బు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు. లోపం సీల్స్‌లోనే ఉందని తేలితే 9 వేలు పెట్టండి, ఆ డబ్బు రెండేళ్ల చిల్లరలో ఆయిల్ రూపంలోనే తిరిగి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆటోనగర్‌లో పనితనానికి లోటు లేదు, అయితే మార్చిన ఇంజిన్ నంబరును రవాణా శాఖ కార్యాలయంలో ఆర్‌సీలో నమోదు చేయించాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే బిల్లు లేకపోతే నమోదూ కష్టమే, రేపు ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. బిల్లు ఇవ్వలేనన్న వారి దగ్గర ఎంత చవకైనా ఇంజిన్ కొనవద్దు.

మీ అబ్బాయి మాటను కాదనడానికి కారణం మీ నెలవారీ లెక్కే. 6 లక్షలు అయిదేళ్లకు, వడ్డీ 9.5 శాతం అనుకుంటే నెలకు సుమారు 12,600 కట్టాలి, అయిదేళ్లలో వడ్డీయే లక్షన్నర దాటుతుంది. ఖర్చులూ చీటీ పోగా ఇప్పుడు మీ చేతిలో మిగిలేది 7 వేలు మాత్రమే. చీటీని తొందరపడి నష్టానికి పాడి ఆ డబ్బు బండి మీద పెట్టడం కూడా సరికాదు. 2 లక్షల డిపాజిట్ మీ ఇంటికి అయిదు నెలల ఆసరా. వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్నవారికి ఆ ఆసరా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా కొనలేని సమయంలో వచ్చిన తగ్గింపు మనకు లాభం కాదు. ఆ 7 వేలలో 4 వేలు ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ ఉండండి. చీటీ పూర్తయ్యే సమయానికి అది 56 వేలు దాటుతుంది, చీటీ డబ్బు కూడా చేతికొస్తుంది. మీ కారు రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు నిండేదీ ఇంచుమించు అప్పుడే, 2027 ఫిబ్రవరిలో. రెన్యువల్ చేయించుకోవాలంటే బండి ఫిట్‌నెస్ పరీక్షలో నిలవాలి, ఫీజే 5 వేలు, గ్రీన్ ట్యాక్స్ అదనం. రెన్యువల్ అయితే మరో అయిదేళ్లు తిరగవచ్చు. ఆయిల్ కాలుస్తున్న బండి కాలుష్య పరీక్షలోనే ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది.

అందుకని ఆ పుస్తకంలోని అంకెలే మీకు గడువు చెబుతాయి. ఖర్చు 1,000 కిలోమీటర్లకు లీటరు లోపే ఉన్నంత కాలం పోస్తూ నడపండి. 500 కిలోమీటర్లకు లీటరు దాకా వస్తే కాలిన ఆయిల్ స్పార్క్ ప్లగ్గులనూ, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ పాడుచేయడం మొదలవుతుంది కనుక రిజిస్ట్రేషన్ గడువు కోసం ఎదురుచూడకుండా అమ్మేయండి. అమ్మేటప్పుడు కొనేవారికి ఆయిల్ సంగతి దాచకుండా చెప్పండి, 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలతో సరిపెట్టుకోకుండా ఆర్‌సీ వారి పేరుకు మారేదాకా వెంటపడండి. పేరు మారకుండా ఆ బండి ప్రమాదం చేస్తే రికార్డులో ఉన్న యజమానిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఎవరూ కొనకపోతే గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి బండి అప్పగించినట్టు రుజువుగా సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి. ఆ సర్టిఫికెట్ మీద కొత్త వ్యక్తిగత వాహనం పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి, మన రాష్ట్రంలో అది ఆ రోజుకు ఎంత వర్తిస్తుందో గుంటూరు రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కుని, ఆ తర్వాతే షోరూమ్‌కు వెళ్లండి.