ఇంటికి పంపించేస్తామంటున్నారు, ఊరికి వెళ్లాలంటే భయంగా ఉంది

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. చెరువు వేలం దగ్గర మొదలైన తగాదా రెండు వీధుల కొట్లాటగా మారింది. మా వారికి తల మీద కుట్లు పడ్డాయి, కుడి చేయి విరిగింది. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో ఉన్నాం. రేపోమాపో డిశ్చార్జి చేస్తామంటున్నారు. మంచినీళ్ల కుళాయి వాళ్ల వీధి మొదట్లోనే ఉంది. తొమ్మిదేళ్ల పాప రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది, పక్క తడుపుతోంది. ‘అన్నయ్య కట్టు విప్పేలోగా వాళ్ల లెక్క తేలుస్తాను’ అంటున్నాడు మా మరిది. రాజీ కాగితం మీద సంతకం పెట్టమని ఊరి పెద్దలు కబురు పంపుతున్నారు. ఏమీ తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీరు ఆసుపత్రిలో ఉన్న ఈ ఒకటి రెండు రోజులు చాలా విలువైనవి. ఊరికి వెళ్లాక పదిసార్లు తిరిగినా కాని పనులు కొన్ని ఇప్పుడైతే సులువుగా అవుతాయి.

ముందు మీ మరిది సంగతి. నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే. అన్న తలకు కట్టు చూస్తూ గంటల తరబడి వార్డు బయట ఖాళీగా కూర్చున్న కుర్రవాడికి పగ తప్ప వేరే ఆలోచన రాదు. అమెరికాలో ఓక్లండ్ వంటి నగరాల్లో 1990ల నుంచే దీని మీద పని జరుగుతోంది. దాడిలో గాయపడినవారి మంచం దగ్గరికే, అలాంటి పేటల్లో పెరిగి ఆ దెబ్బలు ఎరిగిన మనిషి వచ్చి కూర్చుంటాడు. ఇంటికి వెళ్లాక కూడా నెలల తరబడి వెంట ఉంటాడు. ఎదురుదాడి ఆలోచన ఆసుపత్రిలోనే పుడుతుందని, దాన్ని అక్కడే ఆపాలని వారి నమ్మకం. ఇక్కడ ఆ పని మీరే చేయాలి. వదిన మాటకు మన ఇళ్లలో బరువుంది. ‘వద్దు’ అని మాత్రం అనకండి. ‘నువ్వు జైలుకు వెళితే విరిగిన చేతితో మీ అన్నయ్య ఈ ఇంటిని ఎలా లాగుతాడు?’ అని అడిగి, జవాబు చెప్పేదాకా ఆగండి. ఆ వెంటనే పని అప్పగించండి. కాగితాల సంచీ, కట్టు మార్పించడం, పోలీసు స్టేషనుకు తిరగడం అన్నీ అతనివే. అతను గౌరవించే మేనమామ గానీ మాస్టారు గానీ ఉంటే ఇవాళే పిలిపించండి.

ఇక కాగితాలు. కొట్లాట గాయాలతో వచ్చినవారిని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి డాక్టర్లు పోలీసులకు తెలియజేస్తారు. ఆ నమోదు జరిగిందో లేదో క్యాజువాలిటీలో అడగండి. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగా లెక్కిస్తుంది. కాబట్టి గాయాల సర్టిఫికెట్‌లో చేయి విరిగిన విషయం రావాలి. ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం జాగ్రత్త. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్ష సంహిత అనే చట్టంలో ఈ మాట ఉంది.

రాజీ కబురు పంపిన పెద్దల మీద నాకు కోపమే వస్తోంది. తలకు కుట్లతో మంచం మీద ఉన్న మనిషి చేత సంతకం పెట్టించుకోవాలన్న తొందర ఎందుకు? ఇప్పుడు దేని మీదా సంతకం పెట్టకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. బాధితుల పరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే.

డిశ్చార్జి తేదీ తెలియగానే ఎస్సైని కలిసి, ఊళ్లో పోలీసు పికెట్ పెట్టమని, రెండు వర్గాల వారినీ తహసీల్దారు ముందు బైండోవర్ చేయమని, అంటే శాంతిగా ఉంటామని పూచీకత్తు రాయించుకోమని రాసి ఇవ్వండి. మీ మరిది పేరు కూడా అందులో ఉండవచ్చు, వెనుకాడకండి. అది అతనికీ రక్షణే. అప్పటిదాకా పుట్టింటికో, శ్రీకాకుళంలో ఉన్న బంధువుల ఇంటికో వెళ్లడం పారిపోవడం కాదు. డాక్టరు రమ్మన్న రోజు వచ్చిపోవడానికీ అదే వీలు.

పాప గురించి. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ‘అసలేం జరిగింది?’ అని అడుగుతారు. మీరు మళ్లీ మొదటి నుంచి చెబుతారు. మంచం కాళ్ల దగ్గర కూర్చున్న పిల్ల ప్రతిసారీ ఆ దెబ్బలన్నీ వింటుంది. ఆ మాటలు ఇక వరండాలో జరగాలి. పక్క తడిపితే తిట్టకుండా, ఎవరితోనూ అనకుండా దుప్పటి మార్చండి. తనంతట తాను చెబితే వినండి, మీరు తవ్వి అడగవద్దు. వీలైనంత త్వరగా బడికి పంపి, టీచరుకు విషయం చెప్పండి. మొదటి వారాల్లో ఈ ఉలికిపాటు సహజం. నెల దాటినా తగ్గకపోతే, అన్నం మానేసినా, మాట తగ్గినా మానసిక వైద్య విభాగంలో చూపించండి. మందుల షాపులో నిద్రమాత్రలు కొనకండి, పాపకే కాదు, ఎవరికీ.

మీ వారికి కొన్నాళ్లు చిరాకు, మరుపు ఉండవచ్చు. వాంతులు, మగత, ఆగని తలనొప్పి వస్తే మాత్రం వెంటనే 108.

ఇంతమంది గురించి రాశారు గానీ, మీరు నిద్రపోతున్నారో లేదో రాయలేదు. 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. మనసులోని బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోను సాయం అది, టెలి మానస్ అంటారు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఈ రాత్రి పాప నిద్రపోయాక వరండాలోకి వచ్చి ఒకసారి మాట్లాడండి.