గెడ్డ నీళ్లలో తేడా ఉందా, లెక్కలో ఉందా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను విశాఖలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పెందుర్తి అవతల, మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు వైపు పారే ఒక చిన్న గెడ్డలో ఐదు చోట్ల, ఎనిమిది ఆదివారాలు నీళ్లు పట్టి ఫీకల్ కోలిఫాం (మలం నుంచి నీళ్లలోకి వచ్చే బ్యాక్టీరియా) చూశాను. మూడో చోటుకీ నాలుగో చోటుకీ మధ్య ఊరి మురుగు కాలువ కలుస్తుంది, మొదటి నుంచీ నా అనుమానం దాని మీదే. ఎనిమిది వారాల్లోనూ మూడో చోటు కంటే నాలుగో చోటే ఎక్కువ. కానీ ఎక్సెల్‌లో అనోవా (చోట్ల సగటుల మధ్య తేడా ఉందో లేదో చూసే పరీక్ష) చేస్తే పీ విలువ (అసలు తేడా లేకపోయినా, ఇంత తేడా ఊరికే కనబడే అవకాశం) 0.21 వచ్చింది, అంటే తేడా లేదట! వాన పడ్డ వారం అన్నిచోట్లా అంకెలు విపరీతంగా పెరిగాయి, ఆ వారం తీసేయమని మా క్లాస్‌మేట్ అంటోంది. తీసేయనా? వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: తీసేయొద్దమ్మా. వానకి పేడా మురుగూ కొట్టుకొచ్చి గెడ్డలో పడడం నిజంగా జరిగిన సంగతే, దాన్ని దాచేస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. పొరపాటు వానది కాదు, మీరు చేసిన అనోవాది. అది మీ 40 అంకెల్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా చూస్తుంది, దాంతో వాన వారానికీ ఎండ వారానికీ ఉన్న పెద్ద తేడా అంతా గందరగోళం కింద జమై, చోటుకీ చోటుకీ ఉన్న తేడా అందులో మునిగిపోయింది. వాన పడితే ఐదు చోట్లా కలిసే పెరుగుతాయి కదా, కాబట్టి ఏ రోజు నీళ్లని ఆ రోజు నీళ్లతోనే పోల్చాలి.

ఎక్సెల్ పక్కన పెట్టి బొమ్మా బొరుసా వేసినట్టు ఆలోచించండి. కాలువ వల్ల ఏ తేడా లేకపోతే, ఏ వారమైనా నాలుగో చోటు ఎక్కువ రావడానికి సగం అవకాశం. ఎనిమిదికి ఎనిమిది సార్లూ ఒకే చోటు ఎక్కువ రావడం 256లో 2 వంతులు, అంటే 0.8 శాతం. అనోవా చూడలేనిది వేళ్ల మీద లెక్కకి కనబడింది! ఐదు చోట్లకీ కలిపి ఇదే పని చేసేది ఫ్రీడ్‌మన్ పరీక్ష: ప్రతి ఆదివారానికీ విడిగా ఐదు చోట్లకీ ర్యాంకులు వేస్తుంది. ముందు అది చేయండి.

ఒక జాగ్రత్త. ఐదు చోట్లంటే పది జతలు. పదింటినీ పోల్చి చూసి, బాగా కనబడ్డదాన్ని ఏరుకుంటే, తేడా నిజమని ఒప్పుకునే గీత మామూలుగా గీసే 5 శాతం దగ్గర కాదు, దాన్ని పదికి పంచి 0.5 శాతం దగ్గర గీయాలి, అప్పుడు మీ 0.8 శాతం నిలవదు. కాలువ మీద అనుమానం మొదటి నుంచీ ఉందన్నారు కాబట్టి, పక్కపక్క చోట్లని మాత్రమే, నాలుగు జతల్నే పోల్చండి. 5ని నాలుగుకి పంచితే గీత 1.25 శాతం దగ్గరికొస్తుంది, మీ 0.8 నిలుస్తుంది. ఆ అనుమానం ప్రాజెక్టు ప్రపోజల్‌లో రాసి ఉందా? ఉంటే ఆ కాగితం వైవాకి తీసుకెళ్లండి.

మీరు సగటులు కూడా కట్టే ఉంటారు. ఉదాహరణకి 20, 40, 1600 – వీటి మామూలు సగటు 553, ఒక్క వాన రోజే మొత్తాన్ని లాగేసింది. లాగ్ (లాగరిథం) తీసి సగటు కట్టి, తిరిగి మామూలు అంకెగా మారిస్తే దాదాపు 109. బ్యాక్టీరియాకి ఇదే రాయండి. పైగా ఐదు ట్యూబుల ఎం.పీ.ఎన్. (ఎన్ని ట్యూబుల్లో బ్యాక్టీరియా పెరిగిందో చూసి పట్టిక ప్రకారం వేసే అంచనా) అంకె నిజానికి దాని మూడో వంతు నుంచి మూడింతల దాకా ఎక్కడైనా ఉండొచ్చు, ఒక్క రోజు 90కీ 140కీ తేడా వెతక్కండి. ‘1600 కంటే ఎక్కువ’ అని వచ్చినవాటిని 1600గా వేసేసి సగటు కట్టకూడదు. ర్యాంకులకైతే అడ్డం కాదు, రెండు చోట్లా అదే వస్తే ఆ వారం ఆ జత లెక్కలోకి రాదంతే. కాకపోతే స్నానాల నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన గరిష్ఠ హద్దు 100 మిల్లీలీటర్లకి 2500, మీ పట్టిక 1600 దగ్గరే ఆగిపోతే హద్దు దాటిందో లేదో చెప్పలేరు. ఈసారి వాన రోజు నీళ్లని ఇంకా పలుచన చేసి ట్యూబుల్లో వేయండి.

ఇంకోటి, మీరు చెప్పలేదు గానీ నాకు అనుమానం: ప్రతి ఆదివారం పొద్దున్నే పైన మొదలుపెట్టి, ఎండెక్కాక కింద ముగిస్తున్నారా? ఎండకి ఈ బ్యాక్టీరియా చస్తుంది, కింది చోట్లు ఉన్నదానికంటే శుభ్రంగా కనబడతాయి. ఇంకో రెండు మూడు ఆదివారాలు దొరికితే కింద నుంచి పైకి వెళ్లండి, సీసాలు ఐస్‌లో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి.