తూర్పు గోడ బెజ్జాలు మూయొద్దు

పాపా,

మీ నాయిన నిన్న పొద్దున ఫోన్ చేసినాడు. కర్నూలు ఇల్లు అమ్మేది లేదని నువ్వు తెగేసి చెప్పినావంట. పైగా భూమి లోపలున్న కింది కొట్టు బాగు చేయించుకొని నీ ఆఫీసు పని అక్కడే పెట్టుకుంటావంట. వన్ టౌన్‌లో పాత ఇళ్లు ఒక్కొక్కటే పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతుంటే, మన ఇంటి ఆడపిల్ల ఒకతి ఉన్నదాన్ని నిలబెడతానంటే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉండింది. తర్వాత నువ్వు పంపిన ఫోటోలు నా మనవడు పెద్దవి చేసి చూపించినాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

మూడో ఫోటోలో కొట్టు తూర్పు గోడ మీద మేస్త్రీ సుద్దముక్కతో గీతలు గీసినాడు చూడు. అడుగున వరసగా ఉన్న బెజ్జాలు మూసేసి, గోడంతా వాటర్‌ప్రూఫ్ పూత కొట్టి, దాని మీద టైల్స్ అంటిస్తాడంటనే. ఆ పని ఆపించు. ముందు ఫోన్ చేసి ఆపించు, మిగతా ఉత్తరం తర్వాత చదువుకుందువు.

ఆపించినావా? సరే, ఇప్పుడు విను.

మిగతా మూడు గోడలూ సున్నంలో కట్టిన రాతిగోడలు. మనిషి చెయ్యంత మందం, రాయికి రాయి పొంతన ఉండదు. తూర్పు గోడలో మధ్య భాగం మాత్రం సిమెంటుతో, ఒక పద్ధతిగా పేర్చిన రాళ్లతో ఉంటుంది. ఎందుకట్లా ఉందని ఎప్పుడన్నా అడిగినావా? మీ నాయిన నీకు చెప్పి ఉండడు. వాడు చెప్పుకోదలచని సంగతి అది. నేను చెప్తున్నందుకు నా మీద కోపం తెచ్చుకుంటాడు, తెచ్చుకోనీ.

2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్రా హంద్రీ రెండూ ఒకేసారి పొంగినాయి. కింద శ్రీశైలంలో నీళ్లు 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటిపోయి, పోయేదానికి దారి లేక వెనక్కి ఎగదన్నినాయి. కర్నూలు మునిగింది. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు. మీ అమ్మా నాయినా అవ్వా మిద్దె మీద ఉన్నారు, పక్కింటోళ్లు తాడు కట్టి అందించిన మరమరాలు తిని. నేను నంద్యాలలో పనిలో ఉంటి. దారులు తెగిపోయి, వరద తీసినాక గానీ రాలేకపోయినా.

వరద తీసినాక ఇంట్లో మోకాటి లోతు బురద. కింది కొట్టు మాత్రం పై మెట్టు దాకా నీళ్లు నిండి అట్లనే ఉండిపోయింది. అందులో మీ అమ్మ పెళ్లినాటి టేకుపెట్టె ఉండింది, తాతగారి కాలం నాటి లెక్కల పుస్తకాలు ఉండినాయి, ఆ ఏడు కొన్న బియ్యం మూటలు ఉండినాయి. మీ నాయిన మనసు మీ నాయిన చేతుల్లో లేదు. పల్లె నుంచి చేనుకు నీళ్లు తోడే డీజిల్ ఇంజను తెప్పించినాడు. మెట్ల మధ్యలో దింపి పెట్టి, పైపు కిందికి వదిలి, పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టే యాళకు కొట్టు మొత్తం ఎండగొట్టినాడు. చూసినోళ్లంతా భేష్ అన్నారంట. ఇంజను పక్కన కూచున్న కూలి పిల్లోడు తల తిరుగుతోందని పైకొచ్చి వాంతి చేసుకుంటే, తిండి లేక అట్లయిందిలే అన్నారంట. అది ఇంజను పొగ. మూసిన చోట ఇంజను గానీ జనరేటరు గానీ పెడితే ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, మనిషి నిద్రపోయినట్టే పోతాడు. ఆ పిల్లోడు బతికిపోయినాడు.

రాత్రి అవ్వ కేకేసింది, ఇంత తిని పడుకోరా, బురద రేపు ఎత్తుకుందువు అని. మీ నాయిన అప్పటికే లాంతరు పట్టుకొని కింద పార వేస్తున్నాడు. విసుక్కుంటూ పైకొచ్చినాడు. పళ్లెం ముందర కూచున్నాడో లేదో, కింద రాళ్ల లారీ దొర్లించినంత చప్పుడైంది. తూర్పు గోడ నడిమి భాగం మనిషి ఎత్తున లోపలికి కూలిపోయింది. దాని వెనకాల ఉన్న మట్టంతా జారి, వాడు పార ఆనించిపెట్టిన చోటు నిండిపోయింది. ఆ పార నాకు తర్వాత వారానికి దొరికింది, కామ విరిగిపోయి.

ఎందుకు పడింది? నీళ్లున్నన్నాళ్లు పడని గోడ, నీళ్లు తీసినాక ఎందుకు పడింది? మీ నాయిన ఇదే అడిగినాడు నన్ను, చేతులు పిసుక్కుంటా. గోడ బయట మట్టి అంతా వరద నీళ్లు తాగి ఉబ్బి ఉంది. అది లోపలికి తోస్తా ఉంటే, లోపలున్న నీళ్లు బయటికి తోస్తా ఉండె. రెండూ సరిపోయి గోడ నిలబడింది. లోపలి నీళ్లు ఒక్క పూటలో తోడేస్తే గోడకు ఆసరా పోయింది. మన పక్క నల్లమట్టి నానితే ఎంత ఉబ్బుతుందో, ఎండితే ఎట్లా నెర్రెలిస్తుందో నీకు తెలుసు కదా.

ఎప్పుడన్నా అందులోకి నీళ్లొస్తే, రాకూడదనే మొక్కుకుంటాననుకో, వస్తే మాత్రం ముందు బయట వీధిలో నీళ్లు పూర్తిగా తీయనీ. తర్వాత ఒక అడుగు తోడించి, గోడ మీద గుర్తు పెట్టి, రాత్రంతా వదిలెయ్. పొద్దునకు నీళ్లు గుర్తు దాటి పైకొచ్చినాయంటే భూమి ఇంకా నీళ్లు వదులుతోందని అర్థం, తొందరపడొద్దు. రాకపోతే ఇంకొంత తోడించు. పెట్టె పోతే పోనీ, పుస్తకాలు పోతే పోనీ.

ఆ గోడ తిరిగి కట్టింది నేనే. కట్టేటప్పుడు అడుగున పైపు ముక్కలు పెట్టి వదిలిన బెజ్జాలే నువ్వు చూస్తున్నవి. బయట మట్టిలో చేరిన నీళ్లు వాటిగుండా కారి, గోడ వెంబడి ఉన్న చిన్న కాలవలోకి వచ్చి, మూలనున్న గుంతలో పడతాయి. ఆ గుంతలో నీళ్లు ముంచి పోసే పని అవ్వ పోయినాక ఎవరూ చేస్తుండరు. గుంత శుభ్రం చేయించి, నీటిమట్టం పెరిగితే దానంతట అదే తిరిగే చిన్న మోటరు పెట్టించు. కాలవ మీద ఎత్తి తీసే వీలున్న బండలు పరచు. బెజ్జాలు చూడ్డానికి బాగలేదనుకుంటే వాటి ముందర ఒక పుస్తకాల బీరువా పెట్టుకో, గోడకు జానెడు ఎడంగా. నీళ్లకు దారి మూస్తే అవి ఊరికే ఉండవు, గోడనే తోస్తాయి.

మిగతా మూడు గోడలకూ సిమెంటు పూయించొద్దు. మేస్త్రీలకు ఇప్పుడు చేతికొచ్చిన పని అదొక్కటే, అందుకే అదే మంచిదంటారు. పాత సున్నపు గోడకు సిమెంటు పూత కొట్టడమంటే జ్వరమొచ్చినోనికి రబ్బరు కోటు తొడిగినట్టు. రాయిలో చెమ్మ బయటికి రాలేక పైకి పాకుతుంది. పైన ఏముంది? దూలాలు. దూలం కొన గోడలోకి దూరిన చోటే మొదట పుచ్చుతుంది, బయటికి నున్నగా కనిపిస్తుంది. ఒక స్క్రూడ్రైవరు తీసుకొని ప్రతి దూలానికీ గోడ దగ్గర పొడిచి చూడు. గట్టిగా తగిలితే సరే, మెత్తగా దిగిందా, ఆ దూలం కింద మనుషులు తిరగకముందే ఆసరా పోటు పెట్టించు. దూలాల మీద అడ్డంగా వేసిన దంతెలు కూడా చూడు, ఉత్తరం మూలవి నాకు మొదటినుంచీ అనుమానమే.

గోడలకు సున్నమే పూయించు. రాతి సున్నం నీళ్లలో విరిచి, కొన్ని వారాలు మాగనిచ్చి, ఇసుకలో కలిపి నూరాల. మా మేస్త్రీ కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోయించేవాడు. ఆ పని తెలిసిన ముసలోళ్లు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు, బేతంచర్ల పక్క. కూలి ఎక్కువ అడుగుతారు, ఇయ్యి. గోడ మీద తెల్లగా ఉప్పు పొడి లేస్తే భయపడొద్దు, చీపురుతో పొడిగా ఊడ్చెయ్, నీళ్లతో కడగొద్దు.

ఇంకో సంగతి, చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోకుండా మందులు కొట్టించొద్దు. గోడ మీద ఒక చదరపు అడుగు ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండురోజులు వదులు. కాగితానికి గోడ వైపు తేమ పడితే అది గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే గాలిలో చెమ్మ, అంటే గాలి ఆడడం లేదు. అప్పుడు పూతలతో పనిలేదు, కిటికీతో పని. వీధి వైపు గవాక్షం ఒకటి ఉంది కదా, పెరటి వైపు ఇంకోటి తెరిపించు, ఎదురెదురుగా. ఒకటి కింద, ఒకటి పైన.

నేల రెండడుగులు తవ్వి ఎత్తు తెచ్చుకుంటానన్నావంట. తలకు తగలకూడదనుకోవడం న్యాయమే, ఉండే గదికి 2.75 మీటర్లన్నా ఉండాలంటారు. కానీ పునాది ఎంత లోతుందో చూడకుండా తవ్వితే గోడ కాళ్ల కింద నేల తీసేసినట్టే. ఒక మూల చిన్న గుంత తీసి పునాది అడుగు ఎక్కడుందో చూడమను. దానికంటే కిందికి పోవాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరుండాల. మూడేసి అడుగుల ముక్కలుగా తవ్వి, కాంక్రీటు వేసి, అది గట్టిపడినాకే ఇంకో చోట తవ్వాల, అదీ పక్కముక్క కాదు. పడమటి గోడ పక్కింటోళ్లదీ మనదీ ఉమ్మడి. వాళ్లను అడగకుండా అటు గడ్డపార ఎత్తొద్దు. కార్పొరేషన్ అనుమతి సంగతి నీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు చెప్పేది మీ అవ్వ ఉంటే తనే చెప్పేది. నేల మధ్యలో గుండ్రటి బండ ఒకటుంది, కాలితో తడితే డొల్లగా మోగుతుంది. అది జొన్న పాతర. మా చిన్నప్పుడు పంట దాచేవాళ్లు, ఎప్పుడో మూసినారు. దాన్ని తెరిచి లోపల ఏముందో చూద్దామని ఎవరూ దిగొద్దు. మూసిన పాతరలో ఊపిరాడని గాలి నిలబడి ఉంటుంది, గింజలు పెట్టిన వేడికి, బూజుకి మంచి గాలి పోయి బరువు గాలి అడుగున చేరుతుంది. పాతరలో దిగిన మనిషి కేక వేయకుండానే పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినోడు వాని మీదనే పడతాడు. మా ఊర్లో అన్నదమ్ములు ఇద్దరు అట్లనే పోయినారు. వెనకటికి దీపం దింపి చూసేవాళ్లు, ఆరిపోతే దిగేవాళ్లు కాదు. దీపం వెలిగినా సరే నువ్వు మాత్రం ఎవరినీ దింపొద్దు. బండ తీసి, పైనుంచే మొరం పోయించి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించి నింపెయ్.

బండ కదిలించినారంటే కూలోళ్లు లంకెబిందెలు అంటారు. నవ్వి ఊరుకో. నిజంగానే ఏదన్నా దొరికితే మాత్రం దాచిపెట్టొద్దు, 1878 నాటి చట్టం ఇంకా ఉంది. పది రూపాయలకు మించిన విలువైన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాల. మన తాత దాచి ఉంటే ఇన్నాళ్లూ మనం అప్పులు చేసుకుంటూ బతికేవాళ్లం కాదులే.

కింద మరుగుదొడ్డి వద్దు. వీధి ఏటేటా పైకి లేస్తోంది, రోడ్డు మీద రోడ్డు వేస్తున్నారు, మన ఇంటి గడప ఇప్పటికే రోడ్డు కంటే కిందకు పోయింది. వానాకాలం డ్రైనేజీ ఎగదన్నితే మొదట నీ గదిలోనే పొంగుతుంది. కరెంటు బోర్డులు నడుము ఎత్తుకు పైన పెట్టించు, షాక్ కొడితే కరెంటు దానంతట అదే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పకుండా వేయించు. నేలకు బేతంచర్ల బండలు చాలు, చల్లగా ఉంటాయి.

పని చేసుకో, ఆడుకో, పుస్తకాలు పెట్టుకో. రాత్రిపూట పిల్లోణ్ణి మాత్రం అక్కడ పండబెట్టొద్దు. తుంగభద్ర మీద మనకు ఎగువనున్న సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తినారని టీవీలో వచ్చిందంటే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని పైకి వచ్చెయ్, మీటింగు ఉన్నా సరే. నవ్వుతావు నువ్వు, నాకు తెలుసు. నవ్వు, కానీ పైకి మాత్రం రా.

దసరాకు వస్తా. సున్నం ముసలోళ్లతో నేనే మాట్లాడతా, నువ్వు మాట్లాడితే రేటు రెండింతలు చెప్తారు. ఈలోగా మెట్లకు ఎడమ వైపు కడ్డీ ఒకటి బిగించు, నా మోకాళ్లు ముందటి మాదిరి లేవు. ప్రతి మెట్టు ఎత్తూ టేపుతో కొలిచి పంపు. ఫోన్‌లో చెప్తే మర్చిపోతా, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు.

ఇట్లు,
మీ పెద్దనాయిన