టెక్ సందేహాలు: నాన్నగారి స్టీరియోను ఉంచాలా, అమ్మాలా?

ప్రశ్న: మా నాన్నగారు 1980ల్లో కొన్న యాంప్లిఫయర్, రికార్డ్ ప్లేయర్, రెండు పెద్ద స్పీకర్లు ఏళ్ల తరబడి అటక మీదే ఉన్నాయండి. అవి అమ్మేసి సౌండ్‌బార్ కొందామంటున్నాడు మావాడు. బాగుచేయిస్తే పనికొస్తాయా?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: అమ్మకండి. ఎనిమిదంగుళాల వూఫరూ (బేస్ పలికే పెద్ద స్పీకర్) చెక్కపెట్టె కలిసి ఇచ్చే బేస్ సన్నటి సౌండ్‌బార్‌ నుంచి రాదు. వరద నీళ్లలో మునిగి ట్రాన్స్‌ఫార్మర్ తుప్పు పట్టి ఉంటే మాత్రం బాగుచేయించే ఖర్చు దండగే.

ఆత్రపడి ప్లగ్ పెట్టేయకండి. ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిల్వ ఉంచే భాగాలు) బలహీనపడతాయి. సిరీస్ బల్బు (కరెంటు ముందు బల్బు గుండా వెళ్లి యాంప్లిఫయర్‌కి చేరేలా కలిపేది) పెట్టి ఆన్ చేయమని మెకానిక్‌కి చెప్పండి. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ కుదరదు. బల్బు ఓసారి వెలిగి మెల్లగా మసకబారితే మంచిదే. వెలుగు తగ్గకపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపించండి.

కోనసీమ తేమకి వాల్యూమ్ నాబ్ గరగరమంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్ అటూ ఇటూ బాగా తిప్పితే చాలావరకు పోతుంది. కుట్టుమిషన్ నూనె వేయొద్దు. స్పీకర్ కోన్ చుట్టూ ఫోమ్ పొడిగా రాలుతుంటే ఆ అంచు ఒక్కటీ మార్పించుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. యాంప్లిఫయర్ ముందువైపు ప్లేటు కోసి బ్లూటూత్ బోర్డు బిగిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. కోసిన ప్లేటు మళ్లీ దొరకదు. మీవాడి ఫోన్ కోసం విడిగా ఓ బ్లూటూత్ రిసీవర్ కొని, యాంప్లిఫయర్ వెనక ఆక్స్ (బయటి పరికరాలు కలిపే) సాకెట్‌కి ఆర్‌సీఏ కేబుల్‌తో కలపండి. పెట్టె విప్పే పనే లేదు. అక్కడ ఐదు పిన్నుల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటే దానికీ కేబుళ్లు దొరుకుతాయి. ఫోనో సాకెట్‌లో మాత్రం పెట్టకండి. అది రికార్డు సూది నుంచి వచ్చే కొద్దిపాటి మిల్లీవోల్టుల కోసం ఉన్నది, ఫోన్ సిగ్నల్‌కి సౌండ్ పగిలిపోతుంది.

ప్లేయర్‌కి బెల్టు, సూది మార్పించండి. పాత 78 ఆర్‌పీఎం రికార్డులుంటే ఎల్పీ సూదితో వేయకండి, వాటి గాడి వెడల్పు ఎక్కువ. స్పిరిట్‌తో అసలు తుడవకండి, అందులోని లక్క కరిగిపోతుంది.

ప్రశ్న: తాతగారి హరికథ క్యాసెట్లు ఉన్నాయి. మా టేప్‌రికార్డర్‌లో గొంతు సాగుతోంది. కొత్తది కొనమంటారా?
– ఓ పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ముందు ఆ క్యాసెట్లు అందులో వేయడం ఆపండమ్మా. బెల్టు సాగిన మిషన్ టేపుని నమిలేస్తుంది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి, వాటిని విరిచేయండి. ఇక పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా తాతగారి గొంతు చెరగదు. తెలిసినవాళ్ల దగ్గర బాగా పనిచేసే డెక్ అడిగి తెచ్చుకోండి. దాని లైన్ అవుట్‌ నుంచి యూఎస్‌బీ సౌండ్‌కార్డ్ ద్వారా ల్యాప్‌టాప్‌కి కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో వేవ్ ఫైళ్లుగా ఎక్కించండి. ఓ కాపీ మీ దగ్గర, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న మీవాళ్ల దగ్గర ఉంచండి. టేప్‌రికార్డర్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్నది ఆ తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.