మీ ప్రశ్నలు, మా జవాబులు: జర్మన్ వీధి మలుపుల్లో క్నైపెలు ఎందుకు మూతపడుతున్నాయి?

ప్రశ్న: బెర్లిన్ పాత ఫొటోల్లో ఏ వీధి మలుపు చూసినా ఒక బీరు అంగడి, అదే క్నైపె, కనిపిస్తుంది. అన్నెందుకు పుట్టుకొచ్చాయి?

జవాబు: ఇళ్లు ఇరుకు కాబట్టి. 1862 నాటి హోబ్రెష్ట్ పథకం, అంటే బెర్లిన్ విస్తరణకు వేసిన వీధుల పథకం, గీసిన పెద్ద పెద్ద స్థలాల్లో ఐదంతస్తుల అద్దె భవనాలు లేచాయి. కార్మికుల వాటాలు ఒకటి రెండు గదులే. అందులోనే కుటుంబమంతా సర్దుకునేది, చాలా ఇళ్లలో మంచం మాత్రమే అద్దెకు తీసుకునే బయటి మనిషి కూడా ఉండేవాడు. పని నుంచి వచ్చినవాడు కాసేపు వెచ్చగా కూర్చోవాలంటే కింది క్నైపెయే దిక్కు. మలుపు గది అయితే రెండు వీధుల గిరాకీ వస్తుంది.

దాని వెనక గది ఇంకా ముఖ్యం. 1878 నుంచి 1890 వరకు సోషలిస్టు సంఘాలపై నిషేధం ఉన్నప్పుడు కార్మికులు పాటల సంఘమనీ పొగతాగేవారి సంఘమనీ పేరు పెట్టుకుని అక్కడే కలుసుకున్నారు. బీరు కొంటే చాలు, గదికి విడిగా అద్దె అడిగేవారు కాదు.

ప్రశ్న: పాత క్నైపెల గోడకు అంకెలు వేసిన చిన్న అరల ఇనప పెట్టె ఉంటుంది. అదేమిటి?

జవాబు: ష్పార్‌కాస్టెన్, అంటే పొదుపు పెట్టె. ఒక్కో సభ్యుడికి ఒక్కో అంకె, ఒక్కో చీలిక. వారానికి ఇంత తక్కువ కాకుండా వెయ్యాలని నియమం, అర ఖాళీగా కనబడితే జరిమానా. పెట్టెను ఒక్కరే తెరవకూడదు. ఇద్దరు కలిసి లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, బ్యాంకులో వేస్తారు. క్రిస్మస్ ముందు ఎవరి డబ్బు వారికి ఇచ్చేస్తారు, జరిమానాలు, వడ్డీ కలిపి అందరూ భోజనం చేస్తారు. యజమానికి లాభం ఏమిటంటే, డబ్బు వెయ్యడానికైనా వారానికోసారి అందరూ రావాల్సిందే. క్నైపె పోతే ఈ సంఘం ఇంకోచోటికి మారడం అరుదు.

ప్రశ్న: జనం బీరు తగ్గించారు కాబట్టే మూతపడ్డాయనుకోవచ్చా?

జవాబు: అది సగం నిజం. తలసరి బీరు 1980లో సుమారు 146 లీటర్లు, 2023లో 88 లీటర్లు. కానీ తాగుడు కాస్త తగ్గితేనే అంగడి ఎందుకు కూలిపోతుందో తెలియాలంటే బ్రూవరీతో, అంటే బీరు తయారుచేసే సంస్థతో, ఒప్పందం చూడాలి. కౌంటరు, శీతల యంత్రం, అప్పు బ్రూవరీ ఇస్తుంది. బదులుగా దాని బీరే కొంటానని, ఏడాదికి ఇన్ని హెక్టోలీటర్లని యజమాని రాసిస్తాడు. ఉదాహరణకు 100 హెక్టోలీటర్లు అనుకోండి. అంటే 10,000 లీటర్లు, 50 లీటర్ల పీపాలు 200. ఏడాదిలో 300 రోజులు తెరిస్తే 0.4 లీటరు గ్లాసులు రోజుకు 83 పోవాలి. అవి 60కి పడితే ఏడాదికి 72 హెక్టోలీటర్లే అవుతాయి. మిగతా 28కి ఒప్పందాన్ని బట్టి పరిహారం కట్టాలి, లేదా అప్పు తీరే గడువు సాగుతుంది. గిరాకీ తగ్గిన ఏడాదే అదనపు బిల్లు వస్తుందన్నమాట.

పైగా అద్దె. 2015 నాటి అద్దె నియంత్రణ ఇళ్లకే, దుకాణాలకు కాదు. లీజు గడువు తీరితే కారణం చెప్పకుండానే ఖాళీ చేయించవచ్చు. ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్నా చట్టం దృష్టిలో తేడా లేదు. మా దృష్టిలో అసలు అన్యాయం ఇదే.

పొగ నిషేధం సంగతి రాష్ట్రానికో తీరు. 2008 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం 75 చదరపు మీటర్ల లోపు ఒంటి గది క్నైపెల్లో పొగతాగడానికి దారి వదిలింది, అయితే వండిన భోజనం పెట్టకూడదు, 18 ఏళ్లలోపువారు రాకూడదు. సిగరెట్ కోసం పొయ్యి ఆర్పినచోట భోజనానికి వచ్చేవారు పోయారు. బవేరియాలో 2010లో, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో 2013లో ఆ మినహాయింపు కూడా పోయింది. 2020 జులై నుంచి 2023 చివరిదాకా భోజనంపై పన్ను తగ్గించారు కానీ అది బీరుకు కాదు. బీరు మీదే బతికే మలుపు క్నైపెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ప్రశ్న: మూతపడబోయేదాన్ని ఇరుగుపొరుగు నిలబెట్టుకోగలరా?

జవాబు: మూతపడక ముందే కదిలితే వీలుంది. 1970 నాటి జర్మన్ భోజనశాలల చట్టం ప్రకారం మద్యం అనుమతి ఆ వ్యక్తికీ ఆ గదులకే చెందుతుంది. ఏడాది పాటు నడపకపోతే రద్దవుతుంది. నడుస్తున్నదాన్ని చేపట్టేవారికి సాధారణంగా మూడు నెలల వరకు తాత్కాలిక అనుమతి దొరుకుతుంది. ఖాళీగా వదిలేస్తే పాత భవనానికున్న వెసులుబాటు పోయి మరుగుదొడ్లు, గాలి మార్గాలు, పై అంతస్తుకు శబ్దం వెళ్లకుండా కప్పు, అన్నీ నేటి ప్రమాణాలకు కట్టాల్సి రావచ్చు. అక్కడే చాలా ప్రయత్నాలు ఆగిపోతాయి.

పల్లెల్లో సహకార సంఘం దారి పనిచేస్తోంది. ఫ్రైబుర్గ్ దగ్గరి బోల్‌ష్వైల్‌లో ఊరివాళ్లే వాటాలు వేసుకుని 2010లో ఊరి గాస్ట్‌హౌస్ (భోజనశాల) తెరిచారు. సంఘానికి కనీసం ముగ్గురు సభ్యులు చాలు, ఎన్ని వాటాలున్నా సాధారణంగా మనిషికి ఒకే ఓటు. వాటాల డబ్బంతా మరమ్మతులకే పోసి, మొదటి ఏడాది వంటమనిషి, కౌంటరు మనిషి జీతాలు పక్కన పెట్టకపోవడమే ఇందులో పెద్ద ప్రమాదం. పాత యజమాని కుటుంబం తన శ్రమకు జీతం లెక్క కట్టుకునేది కాదు, సంఘం మాత్రం ప్రతి గంటకూ చట్టప్రకారం కట్టాలి.